మా పని గురించి మమ్మల్నీ అడగండి: ఉన్నత విద్యా మండలి చైర్మన్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి చైర్మన్ గారికి నమస్కారం.

కాలేజీలు, యూనివర్సిటీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్. దాని గుర్తింపు ప్రక్రియలోకి 2017లో విద్యార్థుల సంతృప్తి సర్వే వచ్చింది. సిలబస్ పూర్తి చేస్తున్నారా, ఇంటర్నల్ మార్కులు న్యాయంగా వేస్తున్నారా అని న్యాక్ నేరుగా విద్యార్థులకే మెయిల్ పంపి అడుగుతుంది. మంచి పద్ధతి. అధ్యాపకుల ఫీడ్‌బ్యాక్ కూడా తీసుకుంటారు గానీ అది పాఠ్యాంశాల వరకే. పనిభారం ఎలా ఉంది, ప్రమోషన్ ఫైలు కదులుతోందా, డిపార్ట్‌మెంట్‌లో మీ మాట ఎవరైనా వింటున్నారా అని క్రమం తప్పకుండా అడిగే ఏర్పాటు నా సర్వీసులో నేను చూడలేదు. అలాంటి సర్వేను రెండేళ్లకోసారి అన్ని రాష్ట్ర యూనివర్సిటీల్లో మండలే జరపాలని కోరుతున్నాను.

అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు బోధించాలని యూజీసీ 2018 నిబంధనలు చెబుతాయి. ఖాళీ పోస్టులున్న చోట ఒక్కొక్కరి మీద నిజంగా ఎంత పడుతోందో, న్యాక్ ఫైళ్లకూ పరీక్షల పనికీ అడ్మిషన్ల డ్యూటీకీ ఎన్ని సాయంత్రాలు పోతున్నాయో టైం టేబుల్ చూస్తే తెలియదు. పరిశోధన ఎందుకు తగ్గిందని సమీక్షల్లో మమ్మల్ని అడుగుతారు. దానికి జవాబు ఈ గంటల లెక్కలోనే ఉంది.

అయితే సర్వే పెట్టగానే అందరూ నింపేస్తారనుకోవద్దు. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట ఇలాంటి ఫారం ఒకటి వచ్చింది. పేరు రాయక్కర్లేదన్నారు, ఉద్యోగి నంబరు మాత్రం తప్పనిసరి. జవాబులు చేరేది రిజిస్ట్రార్ ఆఫీసుకే. చాలామంది అన్నిటికీ ‘చాలా బాగుంది’ అని టిక్ పెట్టి పంపేశారు. ఏటా రెన్యూవల్ కోసం ఎదురుచూసే అకడమిక్ కన్సల్టెంట్ (కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే అధ్యాపకుడు) అంతకు మించి ఏం రాయగలడు? ‘అందరూ విధిగా నింపవలెను’ అని సర్క్యులర్ ఇస్తే అలాంటి టిక్కులే ఇంకా ఎక్కువ వస్తాయి. అవి చూసి అంతా బాగుందని ప్రభుత్వం నమ్మితే, సర్వే జరపకపోవడమే నయం.

కాబట్టి జవాబులు యూనివర్సిటీ సర్వర్‌లోకి వెళ్లకూడదు. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ విద్యా విభాగంలో మొదలైన ‘కోచే’ (COACHE) అనే సంస్థ అధ్యాపకుల సర్వే నడుపుతుంది. అందులో చేరిన యూనివర్సిటీల తరఫున ప్రశ్నలు అడిగేదీ, జవాబులు తీసుకునేదీ ఆ సంస్థే. మనకూ అలాంటి బయటి సంస్థ కావాలి. ఇంకో చిక్కుంది. మా డిపార్ట్‌మెంట్లలో కొన్నిటికి నలుగురైదుగురే ఉంటారు, అందులో ఒక్కరే మహిళ. హోదా, డిపార్ట్‌మెంట్, జెండర్ మూడూ అడిగితే పేరు అడిగినట్టే. చిన్న డిపార్ట్‌మెంట్లను కలిపి ఫలితాలు ఇవ్వండి. ఐదుగురికి తక్కువున్న గ్రూపు లెక్క ఎవరికీ, వైస్ ఛాన్సలర్‌కైనా సరే, ఇవ్వబోమని ఫారం పైనే రాయండి.

తోటి అధ్యాపకులకూ ఇక్కడే ఒక మాట చెప్పాలి. మీ భయం నాకు తెలుసు, అది ఊరికే వచ్చింది కాదు. ఈ రక్షణలన్నీ ఉన్న సర్వే వస్తే మాత్రం దయచేసి నింపండి. కోపంగా ఉన్న పదిమందే రాస్తే ‘వాళ్లెప్పుడూ అంతే’ అని ఫైలు మూసేస్తారు. ఏ ఇబ్బందీ లేనివాళ్లు, ఎలాగోలా సర్దుకుపోతున్నవాళ్లు కూడా రాస్తేనే ఏది ఒకరి బాధో, ఏది అందరి బాధో తేలుతుంది. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ ప్రొఫెసర్లు ముందుగా నింపి, నింపామని స్టాఫ్ రూమ్‌లో చెబితే కొత్తగా చేరినవాళ్లకు ధైర్యం వస్తుంది.

చైర్మన్ గారూ, రెండోసారి జనం నింపుతారా లేదా అన్నది మొదటిసారి మీరు ఏం చేశారన్న దాన్ని బట్టే ఉంటుంది. ఫలితాలు మూడు నెలల్లో బయటపెట్టండి. వెంటనే సరిచేయగలిగినవి, నిధులు లేక చేయలేనివి ఏవో విడివిడిగా చెప్పండి. చేయలేమన్న జవాబునైనా మేం అర్థం చేసుకోగలం. జవాబే రాకపోతే ఇంకోసారి ఎవరూ ఆ లింకు తెరవరు.

పేపర్ల వాల్యుయేషన్ జరిగే రోజుల్లో మాత్రం సర్వే పెట్టకండి. రెగ్యులర్ వాళ్ల మెయిల్ లిస్టుతో సరిపెట్టకుండా అకడమిక్ కన్సల్టెంట్లు, గెస్ట్ ఫ్యాకల్టీ సొంత నంబర్లకు కూడా లింకు పంపించండి.

ఇట్లు,
ఒక రాష్ట్ర యూనివర్సిటీ అధ్యాపకురాలు