కల్చర్ ప్లేటు పారేసే ముందు

సంపాదకుల వారికి,

ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని ఇన్‌ఫెక్షన్‌కు ఫేజ్ చికిత్స ఉందట, ఎక్కడ దొరుకుతుందని ఐసీయూ బయట కూర్చున్న వాళ్లు అడుగుతుంటారు. అది షాపులో కొనే ఇంజెక్షన్ కాదు. ఫేజ్ బ్యాక్టీరియాను మాత్రమే చంపే వైరస్. ఒక రోగిలోని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాను చంపిన ఫేజ్, పక్క మంచం రోగిలోని క్లెబ్సియెల్లాను ముట్టకపోవచ్చు. అందుకే ముందు ఆ రోగి బ్యాక్టీరియా చేతిలో ఉండాలి. చాలా ల్యాబుల్లో రిపోర్టు ఇచ్చేశాక, ఆ బ్యాక్టీరియాను పెంచిన కల్చర్ ప్లేటు, ఆవిరి వేడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లోకి పోతోంది. 20 శాతం గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల్లో పెడితే అదే బ్యాక్టీరియా ఏళ్ల తరబడి బతికుంటుంది.

ఫేజ్ కోసం దూరం పోనక్కర్లేదు, తిరుపతి మురుగునీరు చాలు. 50 మిల్లీలీటర్లు తెచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి. బ్యాక్టీరియా పైనే ఆగిపోతుంది, ఫేజ్ కిందికి దిగుతుంది. దాన్ని రోగి బ్యాక్టీరియాతో బ్రాత్ అనే పోషక ద్రవంలో రాత్రంతా 37 డిగ్రీల్లో పెంచి, మళ్లీ వడకట్టి, జెల్లీలా గడ్డకట్టే 0.7 శాతం మెత్తటి అగార్‌లో ఆ బ్యాక్టీరియాతోనే కలిపి ప్లేటు మీద పోయాలి. అగార్ 45 డిగ్రీల దగ్గర ఉండాలి; మరీ వేడైతే బ్యాక్టీరియా చస్తుంది, చల్లారితే గడ్డలు కడుతుంది. ఫేజ్ ఉంటే మర్నాటికి పాలమీగడలాంటి పొర మీద ఆవగింజంత స్వచ్ఛమైన చుక్కలు కనబడతాయి. చుక్క మసకగా ఉంటే అనుమానించాలి. అలాంటి ఫేజ్ బ్యాక్టీరియా జన్యువుల్లో కలిసి దాక్కునే రకం కావచ్చు, విషపు జన్యువులను మోసుకెళ్లగలదు. మందుకు పనికిరాదు.

ఇంత చేసినా రోగికి నేరుగా ఎక్కించకూడదు. పగిలిన క్లెబ్సియెల్లా గోడల్లోని ఎండోటాక్సిన్ అనే విషాన్ని తొలగించకపోతే జ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది. ఒక్క ఫేజ్‌నే వాడితే బ్యాక్టీరియా దానికీ అలవాటుపడుతుంది కనుక రెండు మూడు రకాలు కలపాలి.

చిత్తూరు ఆవుల పొదుగువాపుకూ ఇదే దారి, కానీ ఒక చిక్కుంది. పచ్చిపాలలోని ప్రొటీన్లు ఆ జబ్బు తెచ్చే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాను కప్పేసి ఫేజ్‌ను అంటుకోనివ్వవు. బ్రాత్‌లో గెలిచిన ఫేజ్‌ను పాలలోనూ పరీక్షించాలి.

జార్జియాలోని టిబిలిసిలో 1923లో పుట్టిన ఎలియావా సంస్థ నేటికీ రోగి బ్యాక్టీరియాను తన నిల్వ ఫేజ్‌లతో సరిచూసి మందు ఇస్తుంది. వైద్య కళాశాలలు, పశువైద్య విశ్వవిద్యాలయం ఒకే ఊళ్లో ఉన్న తిరుపతికి అలాంటి నిల్వ అసాధ్యం కాదు. తొలి మెట్టుగా, మందులకు లొంగని ప్రతి బ్యాక్టీరియానూ తేదీ, నమూనా రకం, ఏ మందులకు లొంగలేదో రాసి ఫ్రీజర్‌లో దాచమని మైక్రోబయాలజీ విభాగాలను వేడుకుంటున్నాం.

— మైక్రోబయాలజీ అధ్యాపకులు, తిరుపతి