ఆ వర్క్‌షాప్ గది తాళం తీయండి

సంపాదకులకు నమస్కారం.

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో వడ్రంగం నేర్పే క్రాఫ్ట్ మాస్టారే సాయంత్రం ఫుట్‌బాల్ ఆడించేవారు. సరుగుడు వాసాలకు మా చేతే చిత్రిక పట్టించి గోల్‌పోస్టులు నిలబెట్టారు. బంతి కుట్లు ఊడితే మైనం రాసిన దారంతో అరుగు మీద కూర్చుని కుట్టేవారు. మేం చుట్టూ మూగి చూసేవాళ్లం. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. ఆటల పీరియడ్ లెక్కల మాస్టారికి పోయింది.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పేరు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం కూడా బడి పంతులే. ఆయన తర్ఫీదులో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో జరిగిన ఆ క్రీడల ఫైనల్లో తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపారు. అతనే ఒక గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఎప్పుడు తలచుకున్నా నాకు కళ్లు చెమరుస్తాయి.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. క్రాఫ్ట్, వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీలు ఈ ఏడాదైనా నింపండి. మా బడి వర్క్‌షాప్ గదిలో విరిగిన బెంచీల కింద ఆ చిత్రికలు ఇంకా ఉన్నాయి, నేను కిటికీలోంచి చూశాను.

– ఒక పూర్వ విద్యార్థి