పడక రోజుల లెక్క బయటపెట్టండి, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పోయిన ఏడాది మా అమ్మ జారిపడి తుంటి విరిగితే తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. పక్క పడకలోని పెద్దావిడకూ అదే ఆపరేషన్, అదే డాక్టరు, వయసూ ఇంచుమించు అంతే. ఆవిడ ఆరోగ్యశ్రీ కార్డు మీద చేరారు. నాలుగో రోజు పంపేశారు. ఆవిడ కొడుకు వాకర్ ఎలా పట్టుకోవాలో చూపించమని నర్సును బతిమాలడం చూశాను. డబ్బు కట్టి చేరిన మా అమ్మను మాత్రం తొమ్మిదో రోజు దాకా కదలనివ్వలేదు. అడిగినప్పుడల్లా "ఇంకొక్క రోజు చూద్దాం" అన్నారు. చివరి నాలుగు రోజుల బిల్లులో పడక అద్దె, నర్సింగ్, డ్యూటీ డాక్టరు, ఒక డబ్బా చేతి తొడుగులు తప్ప కొత్త వైద్యమేదీ కనిపించలేదు. ఆవిడను తొందరపడి పంపారా, మా అమ్మను ఊరికే ఉంచారా? నేను డాక్టర్ని కాను. కానీ ఆ తేడాకు కారణం జబ్బు కాదు, బిల్లు కట్టే పద్ధతి అని నా నమ్మకం.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్‌కు ఇంతని ముందే ఖాయం చేసిన ప్యాకేజీ ఉంటుంది. ఎన్ని రోజులున్నా ఆస్పత్రికి వచ్చే సొమ్ము ఒకటే, కాబట్టి పడక త్వరగా ఖాళీ కావాలి. డబ్బు కట్టే రోగికి వేసే రోజువారీ బిల్లులో ప్రతి రోజూ రాబడే. అమెరికాలో 1983లో వృద్ధులకు ప్రభుత్వం నడిపే మెడికేర్ పథకం జబ్బును బట్టి ముందే ఒక మొత్తం ఖాయం చేశాక పడక రోజులు, అంటే రోగి ఆస్పత్రిలో ఉండే రోజులు, తగ్గాయి. ఇంగ్లండులో 2006 నుంచి ధర ప్రభుత్వమే నిర్ణయించి, ఆస్పత్రిని ఎంచుకునే హక్కు రోగికి ఇచ్చారు. పోటీ ఉన్నచోట పడక రోజులతో పాటు గుండెపోటు మరణాలు కూడా తగ్గాయని పరిశోధకులు తేల్చారు. ధరలో పోటీకి తావు లేక వైద్యంలో పోటీ పడ్డారన్నమాట.

మన ఊళ్లో పోటీ దేనికి? పుత్తూరు, పీలేరు నుంచి రోగిని పంపేవాళ్లను మంచి చేసుకోవడానికి. రోగిని పంపినందుకు డాక్టర్లకు ఇచ్చే కమిషన్లను వైద్య మండలి 2002 నిబంధనలు నిషేధించాయి. అయినా ఆ సొమ్ము చివరికి రోగి బిల్లులోనే చేరుతోందని ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. రుయా, స్విమ్స్, బర్డ్ లాంటి ప్రభుత్వ, టీటీడీ ఆస్పత్రులు ఉన్నాయి కాబట్టి పేదవాడు ఇంకా బతుకుతున్నాడు. అక్కడ పడక దొరకనివాళ్లు ఏ ఆస్పత్రిలో ఎంతవుతుందో తెలియకుండానే సంతకం పెడుతున్నారు.

నేను కోరేది ఒక్కటే. మామూలుగా జరిగే ఆపరేషన్లకు ఏ ఆస్పత్రిలో సగటున ఎంత బిల్లు అవుతోంది, ఎన్ని రోజులు ఉంచుతున్నారు, పంపినవారిలో ఎందరు నెల తిరగకుండా మళ్లీ చేరుతున్నారు అన్నది తెలుగులో గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర పెట్టించండి. పథకం రోగులు చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ ప్రతి క్లెయిములోనూ మీ దగ్గర ఉన్నాయి. డబ్బు కట్టే రోగుల లెక్క ఇవ్వమని ఆస్పత్రులను ఆదేశించండి.

తుంటి ఆపరేషన్‌తోనే మొదలుపెట్టండి. మా అమ్మ బిల్లు, డిశ్చార్జి కాగితం దాచి ఉంచాను. మీ కార్యాలయం అడిగితే స్వయంగా తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక రోగి కుమార్తె,
తిరుపతి