పాట చెబితే వింటారు: మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారములు.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పదిహేడేళ్ళుగా ఒకటో తరగతికి పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయురాలిని. మా బడి ఆవరణలోనే అంగన్‌వాడీ కేంద్రం ఉంది. ఏటా జూన్‌లో మీ శాఖ పిల్లలు మా శాఖ పిల్లలవుతారు. రెండు గదులకూ మధ్య ఉన్నది ఒక వేపచెట్టు, ఇరవై అడుగుల నేల. ఆ ఇరవై అడుగులు దాటడానికి కొందరికి ఒక్క రోజు చాలు, కొందరికి దసరా సెలవులు కూడా చాలవు. ఈ తేడా అక్షరాలు వచ్చి ఉండటం వల్లనో రాకపోవడం వల్లనో కాదని ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది కాబట్టే ఈ లేఖ రాస్తున్నాను.

అక్షరాలు నేను నేర్పుకోగలను. కానీ తన వంతు వచ్చేదాకా ఆగడం, ఆడుతున్న ఆట వదిలి పిలిచినచోటికి రావడం, చెప్పిన రెండు పనులూ గుర్తుపెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చేయడం, పక్కవాడి బలపం లాక్కోకుండా అడిగి తీసుకోవడం, అమ్మ వెళ్ళిపోయాక ఏడ్చినా కాసేపటికి తేరుకోవడం: ఇవి లేనిదే నా పాఠం మొదలే కాదు. ఇవి చెబితే వచ్చేవి కావు, అరిస్తే అసలే రావు. నాకు తెలిసినంతలో మూడేళ్ళ పిల్లలకు వీటిని నేర్పే సులువైన దారి పాట.

మా పక్క గదిలో ఉదయం జరిగేది చెబుతాను. అంగన్‌వాడీ టీచర్ గుడ్లు ఉడికించే గిన్నె మూత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరి పేరు కలిపి రెండు చరణాలు పాడతారు. పేరు వచ్చిన పిల్ల లేచి, గరిటెతో మూత మీద ఒక్క దెబ్బ కొట్టి, గరిటె పక్కవారికిచ్చి కూర్చోవాలి. నిరుడు ఒక పాప నాలుగు రోజులు అమ్మ కొంగులోంచి ముఖం బయట పెట్టలేదు. ఆమె పేరు వచ్చినప్పుడు టీచర్ బలవంతపెట్టలేదు, ఆ దెబ్బ పడవలసిన చోట అంత ఖాళీ వదిలి పాట ముందుకు నడిపించారు. అయిదో రోజు పాప వచ్చింది, వచ్చి ఒకటి కాదు, వరసగా అయిదు దెబ్బలు కొట్టింది. "ఒక్కటే కొట్టాలె, ఒక్కటే!" అని పిల్లలంతా ఒక్కసారి అరిచారు. నియమం చెప్పినది టీచర్ కాదు. పాప గరిటె పక్కవాడికి ఇచ్చేసింది.

మన అమ్మమ్మల ఆటల్లో ఈ కిటుకు ఎప్పటినుంచో ఉంది. కాళ్ళాగజ్జె ఆటనే చూడండి: పిల్లలు కాళ్ళు చాపి కూర్చుంటే, ఒక్కో మాటకు ఒక్కో కాలు తాకుతూ పోతారు, పాట ఎక్కడ ఆగితే ఆ కాలు ముడుచుకోవాలి. ఒక మాటకు ఒక కాలు అన్న లెక్క గణితానికి తొలి మెట్టు, అది సరే. అంతకన్నా విలువైనది ఇంకోటి ఉంది. కాలు ముడవమన్నది పాటే తప్ప మనిషి కాదు కాబట్టి, ఓడిన పిల్లకు ఎవరి మీదా కోపం రాదు. మూతి ముడుచుకున్నా ఆట నుంచి లేచి పోదు.

చదువుకు పనికొచ్చే సంగతులు ఇంకా ఉన్నాయి. పాడుతూ మాటను చప్పట్లతో విడగొడితే "తామర"కు మూడు, "లక్ష్మి"కి రెండు. మన లిపి అక్షరం అక్షరంగా నడిచేది కాబట్టి, ఇలా విడగొట్టడం అలవాటైన పిల్లలకు గుణింతం అంత కొరుకుడుపడనిది కాదు. డప్పు మోగితే నడిచి ఆగితే ఆగే ఆటను, నాలుగు రోజుల తర్వాత మెల్లగా మోగితే పరుగు, గట్టిగా మోగితే నెమ్మది అని తిరగేస్తే, తన్నుకొచ్చే ఒంటిని పిల్లలే అదుపు చేసుకోవడం కళ్ళారా చూడవచ్చు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు 20 సెకన్లయినా రుద్దుకోవాలంటే గడియారం తెలియని పిల్లకు అంత నిడివి పాటే కొలత. మాట తడబడే పిల్లలు చాలామంది పాటలో తడబడరు.

పాట వింటే తెలివి పెరుగుతుందని నేను అనడం లేదు. 1993లో అమెరికాలో కాలేజీ విద్యార్థులకు మొజార్ట్ సంగీతం వినిపించి చేసిన ఒక చిన్న ప్రయోగాన్ని పసిపిల్లలకు అంటగట్టి సీడీలు అమ్ముకున్న కథ మనకు తెలిసిందే. వినడం వేరు, నలుగురితో కలిసి పాడటం వేరు. నేను వెళ్ళిన ఒక కేంద్రంలో గోడకు ఆనించిన సెల్‌ఫోన్‌లో ఇంగ్లీషు రైమ్స్ మోగుతుంటే పద్దెనిమిది మంది పిల్లలు కదలకుండా చూస్తున్నారు. ఫోను ఎవరి కోసమూ ఆగదు, ఎవరి పేరూ పిలవదు. వార్షికోత్సవం నాడు ఆ పిల్లలనే వరసగా నిలబెట్టి అవే రైమ్స్ పాడిస్తే పెద్దలు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

కాగితం మీద మనకు లోటేమీ లేదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైనప్పుడే పూర్వ ప్రాథమిక విద్య దాని ఆరు సేవల్లో ఒకటి. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే దశగా చూసి, ఆటపాటలకు పెద్దపీట వేసింది. లోటు ఉన్నది టీచర్ల రోజులో. హాజరు, బరువు, ఎత్తు, బాలామృతం, గుడ్లు, ఈ వివరాలన్నీ ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ అయ్యేసరికి పాటకు మిగిలేది గొంతులో ఓపిక ఉంటేనే.

అందువల్ల నేను కోరేవి పెద్ద ఖర్చులేనివి. చుట్టుపక్కల కేంద్రాల టీచర్లంతా కలిసే, ప్రతి నెలా జరిగే సెక్టార్ మీటింగులో అరగంట పాటలకు కేటాయించండి. రిజిస్టర్లు తనిఖీ చేయడానికి కాదు, ఒక టీచర్ పాడితే మిగతావారు నేర్చుకోవడానికి. ఏ జిల్లాలో ఏ పాటలు, ఆటలు ఉన్నాయో అక్కడి అవ్వల చేత పాడించి రికార్డు చేయించి టీచర్ల ఫోన్లకు పంపండి, పిల్లల ముందు పెట్టడానికి కాకుండా టీచర్లు గొంతుకు ఎక్కించుకోవడానికి. ఉట్నూరు వైపు పనిచేసిన రోజుల్లో నేను చూసిన గోండు పిల్లలు దీపావళి రోజుల్లో వచ్చే దండారి నృత్య పండుగ వేళ గంటల తరబడి తాళం తప్పకుండా ఆడేవారు, బడిలో మాత్రం నోరు మెదిపేవారు కాదు. వాళ్ళకు తొలి పాట గోండిలోనే ఉండాలి. కోలామీ, కోయ, లంబాడీ, ఉర్దూ పిల్లలకూ అంతే. దయచేసి దీనికోసం యాప్‌లో ఇంకో గడి చేర్చకండి. ఎన్ని పాటలు వచ్చునని పిల్లలను పరీక్షించే అధికారులు వద్దు.

ఇంకొక్కటి, విద్యాశాఖతో మాట్లాడి చేయవలసినది. ఒకటో తరగతి తొలి మూడు నెలలకు విద్యాప్రవేశ్ అనే సన్నాహక కార్యక్రమం ఇప్పటికే ఉంది. బడిబాటకు ముందు అంగన్‌వాడీ టీచర్, ఒకటో తరగతి టీచర్ ఒక పూట కలిసి కూర్చుని, పిల్లలకు బాగా అలవాటైన పాటలేవో చెప్పుకుంటే, జూన్‌లో గది మారినా పాట మారకుండా ఉంటుంది. నిరుడు నేను ఎవరి ఉత్తర్వూ లేకుండానే ఆ పేర్ల పాటను నా తరగతిలో మొదటి రోజు పాడాను. గిన్నె మూత ఇవ్వడానికి ఆయా ఒప్పుకోలేదు. సంతలో ఒక స్టీలు పళ్ళెం కొనుక్కున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ఒకటో తరగతి టీచర్