సింప్సన్స్ ఎందుకు నవ్వించడం లేదు?

సంపాదకులకు,

1989 డిసెంబరులో మొదలైన ‘ది సింప్సన్స్’ అనే హాస్య కార్టూన్ సీరియల్ అమెరికా టీవీలో ఇంకా నడుస్తూనే ఉంది. నవ్వు మాత్రం ఎప్పుడో పలచబడింది. జోకుల స్టాక్ అయిపోయిందని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. జోకులు ఇప్పటికీ బోలెడు. వాటి వెనక ఉండాల్సిన మనిషే కనిపించడం లేదు.

1995 నాటి ఒక ఎపిసోడ్‌లో సింప్సన్స్ ఇంటి తండ్రి హోమర్, మూడో బిడ్డ పుట్టబోతోందని, ఇష్టపడి చేరిన ఉద్యోగం మానేసి మళ్లీ అణు విద్యుత్ కేంద్రానికి వెళ్తాడు. ‘ఇక ఎప్పటికీ నీ బతుకు ఇక్కడే’ అని గుర్తుచేసే పలకను యజమాని అతని ఎదురుగా పెట్టిస్తాడు. హోమర్ దాని మీద పసిపిల్ల మ్యాగీ ఫొటోలు అంటిస్తాడు. మిగిలిన అక్షరాలు కలిస్తే ‘పాప కోసం చెయ్యి’ అని వస్తుంది! ఆ బద్ధకస్తుడి మీద అంత ప్రేమ కలిగింది కాబట్టే అతని తెలివితక్కువ పనులకు కడుపుబ్బా నవ్వాం.

తర్వాత్తర్వాత ఆ హోమర్‌నే ఎవరి బాధా పట్టని మొరటువాడిగా మార్చేశారు. ఏం జరిగినా వచ్చే వారానికి అంతా మామూలే. హోమర్ కొడుకు, పదేళ్ల బార్ట్‌కు ఎప్పుడూ పదేళ్లే. దేనికీ నష్టం లేనప్పుడు టెన్షన్ ఎక్కడిది, నవ్వెక్కడిది? ఆ వెలితి పూడ్చడానికి ప్రముఖుల అతిథి పాత్రలు చాలవు.

ఎపిసోడ్లు సగానికి తగ్గించినా సరే, రచయితలకు ఒక్కో కథ మీద తగినంత టైమ్ ఇవ్వాలి.

– ఒక పాత అభిమాని