సిమెంటు ఇల్లుంటే పేదవాళ్ళు కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

యుద్ధం ఆగిన చోటికి సాయం పంపారంటే ఎన్ని కోట్లు అనే అందరూ అడుగుతారు గానీ సాయం ఎవరికివ్వాలనే లిస్టు ఎవరు రాశారు ఎలా రాశారు అని అడగరు. నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను, తెల్లకార్డు ఎంక్వైరీలకి ఊళ్ళు తిరిగినవాణ్ణి, అందుకే ఈ ఉత్తరం.

పక్కనే శ్రీలంక ఉంది కదా. 2009 మేలో అక్కడ సైన్యానికీ ఎల్టీటీఈకీ మధ్య యుద్ధం అయిపోయింది, దాదాపు 3 లక్షల మంది వవునియా దగ్గర మెనిక్ ఫామ్ లాంటి క్యాంపుల్లో పడ్డారు. తర్వాత 2009-10లో ఇంటింటి ఖర్చుల సర్వే చేసి దేశం మొత్తం మీద పేదలు 8.9 శాతమే అని తేల్చారు. బానే ఉందే అనుకుంటాం, తీరా చూస్తే యుద్ధం జరిగిన ఉత్తరాది జిల్లాలు ముల్లైతీవు, కిలినొచ్చి, మన్నార్ ఆ సర్వేలో లేనే లేవు! 2012-13లో వాటిని కూడా కలిపి చేస్తే దేశం మొత్తానికి 6.7 వచ్చింది, ఒక్క ముల్లైతీవులో మాత్రం 28.8.

సరే, లెక్కలోకైతే వచ్చారు, తర్వాత కాగితాలు. భర్త ఏమయ్యాడో తెలీని ఆడవాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు, డెత్ సర్టిఫికెట్ తీసుకోమంటే చాలామంది ఒప్పుకోలేదు, ఎలా ఒప్పుకుంటారు చెప్పండి, శవం కూడా చూడని మనిషిని పోయాడని ఏ భార్య రాసిస్తుంది. మనిషి ఆచూకీ లేదు అని సర్టిఫికెట్ ఇచ్చేలా చట్టం మార్చింది 2016లో. అంటే ఏడేళ్ళు. అప్పటిదాకా గ్రామ నిలధారి (మన వీఆర్వో లాంటాయన) ఆవిడ పేరు ఏ కాలమ్‌లో రాయాలి? వితంతువు అనలేడు, భర్త ఉన్నాడనీ అనలేడు.

ఇళ్ళ స్కీము మన ఇండియా డబ్బే, ఉత్తరం తూర్పు కలిపి 46 వేల ఇళ్ళు, ఇంటికి వాళ్ళ రూపాయల్లో 5.5 లక్షలు విడతలుగా బ్యాంకులో వేశారు, కట్టుకోవడం ఎక్కువగా వాళ్ళే. మంచి పనే, కాదనను. కానీ అది చాలక అప్పు చేసినవాళ్ళున్నారు, నగలు తాకట్టు పెట్టినవాళ్ళున్నారు, పైన వారం వారం వసూలుకొచ్చే మైక్రోఫైనాన్స్ (చిన్న అప్పులిచ్చే కంపెనీల) వాళ్ళు. 2010లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ అప్పుల వసూళ్ళ మీద జరిగిన గొడవే అనుకోండి. 2018లో శ్రీలంకలో కరువు జిల్లాల ఆడవాళ్ళకి లక్ష లోపు అప్పులు గవర్నమెంటే మాఫీ చేయాల్సొచ్చింది. అలాంటి ఇంటికి సర్వేవాళ్ళు వెళ్తే ముందు కనిపించేది సిమెంటు గోడ, అప్పు గోడ మీద కనపడదుగా.

నేనూ ఈ తప్పు చేశాను. ఒకావిడ ఇంట్లో టీవీ ఉందని కార్డుకి అర్హత లేదని రాసేశాను, అది ఎప్పుడో కాలిపోయిన టీవీ అని తర్వాత తెలిసింది, అప్పటికి నాలుగు నెలల బియ్యం పోయాయి.

ఇంకోసారి మన డబ్బు ఇలాంటి చోటికి వెళ్తే పెద్దోళ్ళు ఈ మూడూ చూడాలి. లిస్టు ఊళ్ళో గోడకి అంటించి అందరి ముందూ చదవాలి, ఫారంలో అప్పు ఎంత అని ఒక గడి ఉండాలి, మనిషి ఆచూకీ లేదు అని ఇంకో గడి ఉండాలి.

ఇట్లు,
రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి, తెనాలి