ప్రోటీన్ పరీక్షకు ముందు ఫార్మలిన్ డబ్బా సంగతి

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్‌ను పట్టిచ్చే కొత్త ప్రోటీన్ దొరికిందంటూ మన పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. వాటిలో చాలావరకు ప్రయోగశాలలో పెంచిన కణాల మీదో, కొద్దిమంది రోగుల కణజాలం మీదో చేసిన తొలి పరిశీలనలు. మరోచోట, మరికొందరు రోగుల్లో అదే ఫలితం వచ్చేదాకా ఏ వైద్యుడూ వాటిని నమ్మి మందు రాయడు. ఆ మాట వార్తలో కనిపించదు. అంతకంటే విచారకరమైనది, ఏనాటి నుంచో చికిత్సను నిర్ణయిస్తున్న ప్రోటీన్ల పరీక్షలు మన జిల్లాల్లో ఎలా సాగుతున్నాయో ఎవరూ రాయకపోవడం.

హెర్2 సంగతే తీసుకోండి. ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ప్రతులు పెరిగిన కణితులు త్వరగా తిరగబెడతాయని 1987లో అమెరికాలో డెనిస్ స్లామన్ బృందం చూపింది. ఆ ప్రోటీన్‌నే గురిచేసుకున్న ట్రాస్టుజుమాబ్ మందుకు అక్కడ 1998లో అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ కోవవి. కణితి ముక్కకు ఈ ప్రోటీన్ ఉన్నచోటే పట్టే రంగు వేసి, కణం అంచు చుట్టూ ఆ గోధుమ రంగు ఎంత నిండుగా పట్టిందో స్లైడు మీద చూసి 0, 1+, 2+, 3+ అని స్కోరు వేస్తాం. 3+ అయితే పాజిటివ్. 2+ అయితే తేలనట్టే, ఫిష్ అనే జన్యుపరీక్ష చేయించాలి. ముదిరిన దశలో 1+ ఉన్నవారికీ 2022 నుంచి ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మరో మందు వాడుతున్నందున 0కూ 1+కూ మధ్య తేడా ఇప్పుడు చిన్న విషయం కాదు.

అయితే ఈ స్కోరు సగం ఆపరేషన్ థియేటర్‌లోనే ఖాయమవుతుంది. తీసిన కణితి గంటలోపు ఫార్మలిన్‌లో, అంటే కణజాలం చెడిపోకుండా నిలిపే ద్రవంలో పడాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలి. మా ల్యాబుకు వచ్చేవాటిలో ఇరుకు మూతి సీసాలో కుక్కిన రొమ్ములు, అడుగున రెండు వేళ్ల లోతు ఫార్మలిన్, పేరు తప్ప సమయం రాయని చీటీలు కొత్త కాదు. కోసి చూస్తే పైభాగం గట్టిపడి ఉంటుంది, నడిమి భాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ ద్రవం గంటకు సుమారు మిల్లీమీటరు చొప్పునే లోపలికి ఇంకుతుంది మరి. అలాంటి ముక్కలో ఈస్ట్రోజెన్ రిసెప్టార్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్) రంగు కనిపించకపోతే, కణితిలో అది నిజంగా లేదో, మనమే పాడుచేశామో తెలియదు. అందుకే పక్కనున్న మామూలు పాలనాళాలను చూస్తాం. వాటికీ రంగు పట్టకపోతే పరీక్ష మళ్లీ చేయాలే తప్ప నెగెటివ్ అని రాయకూడదు. రాస్తే, కొన్నేళ్లపాటు రోజూ ఆ హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర వేసుకుంటూ జబ్బు తిరగబెట్టకుండా కాపాడుకోగల మనిషికి ఆ మాత్రే అందకుండా పోతుంది.

దీనికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. వెడల్పు మూతి డబ్బా, కణితికి పదింతల ఫార్మలిన్, దాన్ని బయటికి తీసిన సమయం, ద్రవంలో వేసిన సమయం ఉంటే చాలు. ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రులన్నీ ఈ రెండు సమయాలనూ తప్పనిసరిగా నమోదు చేసేలా రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఆదేశించాలి. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో కలిపి అమ్ముతున్న సీఏ 15-3 రక్తపరీక్ష తొలిదశ క్యాన్సర్‌ను పట్టేందుకు పనికిరాదని మీ పత్రిక ఒక్కసారి రాసినా మేలే. ఇక రెండో అభిప్రాయం కోసం వెళ్లే కుటుంబాలు రిపోర్టుతో సరిపెట్టుకోకుండా, కణితి ముక్కను పొదిగిన మైనపు బ్లాకును కూడా ల్యాబులో అడిగి తీసుకెళ్లాలి. పరీక్ష తిరిగి చేయాలంటే కావలసింది అదే.

— ఒక పాథాలజిస్టు, కర్నూలు